గొల్లకావడి కింద మంచు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు, బళ్లో ఇంకా బాగా తెలుసు. ఆ కోపంలోనే ఒకరోజు పదో తరగతి గదిలో నలభై మంది ఆడపిల్లల ముందు పచ్చి అబద్ధం ఆడేశాను. దాన్ని నిజం చెయ్యడానికి ఒక చలికాలమంతా పట్టింది. నా జీవితంలో అంత సరదాగా గడిచిన చలికాలం మరొకటి లేదు.

డెబ్బైల నడుమ మాట ఇది. అప్పుడు నేను చోడవరంలో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచర్ని. పుస్తకంలో చివరి పాఠం విశ్వం గురించి. అందులో నీహారిక మీద మూడంటే మూడు వాక్యాలుండేవి. వాయువూ ధూళీ కలిసిన పెద్ద మేఘమనీ, అందులో కొత్త నక్షత్రాలు పుడతాయనీ, చాలా దూరంలో ఉంటుందనీ. ఏటా ఆ మూడు వాక్యాలూ గడగడా చదివేసి, బోర్డు మీద మబ్బులాంటిది ఒకటి గీసి, పేజీ తిప్పేసేదాన్ని. ఆ ఏడాది, వాల్తేరులో ఎమ్మెస్సీ చదువుతున్న మా తమ్ముడు సెలవులకొచ్చి ఒక సంగతి చెప్పి వెళ్లాడు. అది నా కడుపులో దాగలేదు. "గొల్లకావడి తెలుసు కదా, వరసగా మూడు చుక్కలు. దాని కింద వేలాడుతున్నట్టు ఇంకో మూడు చిన్న చుక్కలుంటాయి. వాటిలో నడిమిది చుక్క కాదు. అదే నీహారిక" అని పిల్లలకి చెప్పాను.

కిటికీ పక్కన కూర్చునే పిల్ల లేచి నిలబడింది. చీడికాడ అవతల ఏదో పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. బస్సు ఆలస్యమైన రోజున తప్ప ఆ పిల్ల గొంతు నేను విన్నది లేదు.

"మీరు సూసేరాండి?" అంది.

అంతే అడిగింది. ఆ గొంతులో వెటకారం లేదని ఇప్పుడు ప్రమాణం చేసి చెప్పగలను. కానీ ఆ నిమిషంలో నాకు అలా వినపడలేదు. ఆరేళ్లుగా చూడకుండానే చెబుతున్నదాన్ని, ఎవరి జేబులోనో చెయ్యి పెట్టి దొరికిపోయినట్టయింది.

"చూడకుండా చెబుతానా? చూశాను. ఫొటో కూడా తీశాను. తెచ్చి చూపిస్తాను, కూర్చో" అన్నాను.

చూశానన్న దాంతో ఆపినా బాగుండేది. ఫొటో అన్న మాట ఎక్కడి నుంచి ఊడిపడిందో నాకే తెలీదు. బహుశా మా ఇంట్లో బీరువా మీద ఉన్న రష్యా కెమెరా గుర్తొచ్చి ఉంటుంది. అది మా పెళ్లికి మా బావగారు ఇచ్చింది. దానికో పొడుగు లెన్సు కూడా ఉండేది. పెళ్లయ్యాక దాంతో రెండుసార్లు ఫొటోలు తీశాం. రెండుసార్లూ తలలు తెగిపోయాయి.

ఆ సాయంత్రమే పెరట్లోకి వెళ్లి తలెత్తి చూశాను. మా ఇల్లు ఊరి చివర కొత్తగా వేసిన ప్లాట్లలో ఉండేది. ప్లాట్లంటే పేరుకే. మొన్నటిదాకా వరిమడి, ఆ తడి ఇంకా పోలేదు. పెరట్లో అడుగేస్తే చెప్పు దిగబడేది. కంచెకి అవతల చెరకు తోట, దానికి నీళ్లు కట్టినప్పుడల్లా సగం మా అరటి మొక్కలకే వచ్చేవి. దీపాలు పెట్టే వేళకే మంచు దిగిపోయేది. చెరకు తోట అవతల పంచదార ఫ్యాక్టరీ. సరిగ్గా గొల్లకావడి సాయంత్రాలు పైకొచ్చే రోజుల్లోనే అక్కడ గానుగ ఆట, చెరకు ఆడే సీజను. రాత్రీ పగలూ లైట్లు, పిప్పి కాల్చిన పొగ. ఆ పొగ మీదా మంచు మీదా లైట్లు పడి ఆకాశమంతా పల్చటి మజ్జిగలా ఉండేది. కావడి మూడు చుక్కలూ కనబడ్డాయి. కింద ఏమీ లేదు.

మా ఆయన ఆ ఫ్యాక్టరీలోనే కెమిస్టు. ఆ దీపాలన్నీ ఆయనే నిచ్చెన వేసుకుని వెలిగిస్తున్నట్టు ఆయన మీద పడ్డాను.

"నీకు పంచదార కావాలా, చుక్కలు కావాలా?" అన్నారు ఆయన.

"చుక్కలే కావాలి" అని మూడు రోజులు కాఫీ చప్పగా తాగాను. నాలుగో రోజు ఎవరూ చూడకుండా రెండు చెంచాలు వేసుకున్నాను.

సోమవారం వచ్చేసరికి బళ్లో ఆ పిల్ల వరండాలో నిలబడి ఉంది. "ఫొటో తెచ్చేరాండి?" అని నెమ్మదిగా అడిగింది. వెతుకుతున్నానన్నాను. పై సోమవారం మళ్లీ అడిగింది. ఇల్లు మారినప్పుడు ఏ పెట్టెలో పెట్టామో అన్నాను. ఒక అబద్ధానికి పిల్లలు పుడుతున్నాయి. మార్చిలో పరీక్షల సెలవులు ఇచ్చేస్తే ఆ నలభై మందీ బడి దాటి వెళ్లిపోతారు. సగం మందికి అదే చివరి బడి. వాళ్లకి జీవితాంతం సైన్సు టీచరంటే నేనే, ఆ టీచరు తమతో అబద్ధమాడిందన్నదే మిగిలిపోతుంది. ఈ ఆలోచన వచ్చిన రోజే ఆ పిల్ల చేతిలో ఆ ఫొటో పెట్టకుండా వాళ్లని పంపకూడదని తీర్మానించుకున్నాను.

మా తమ్ముడికి ఉత్తరం రాశాను, అబద్ధం సంగతి మాత్రం రాయకుండా. వాడు యూనివర్సిటీ లైబ్రరీలో ఏదో విదేశీ పత్రిక చూసి ఒక బొమ్మ గీసి పంపాడు. భూమి తిరుగుతుంది కాబట్టి కెమెరా కదలకుండా పెట్టి తీస్తే చుక్కలు గీతలైపోతాయి. చుక్కలతో పాటు కెమెరా కూడా తిరగాలి. దానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదట. రెండు చెక్కలు, వాటిని పుస్తకంలా కలిపే తలుపు బందు ఒకటి, కింది చెక్కలోంచి పై చెక్కని ఎత్తే బోల్టు ఒకటి. బందుని ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టి, పై చెక్క మీద కెమెరా బిగించి, బోల్టుని నిమిషానికి ఒక చుట్టు చొప్పున తిప్పుతూ పోవాలి. బోల్టు తలకి ఆరు పలకలు. అంటే పది సెకండ్లకి ఒక పలక. అలా పది నిమిషాలు.

మా వీధి వడ్రంగి ఆ బొమ్మని ఇటు తిప్పీ అటు తిప్పీ చూసి, "ఇది పీటా కాదు, పెట్టీ కాదు. దేనికమ్మా?" అని అడిగాడు. చుక్కలకి అన్నాను. మరి ప్రశ్న వెయ్యకుండా చేసిచ్చాడు. బోల్టు మా ఆయన ఫ్యాక్టరీ వర్క్‌షాపులో అడిగి తెచ్చారు. ఫాస్టు ఫిల్ము విశాఖపట్నం నుంచి వచ్చింది.

ఇక మిగిలింది లెక్క. నా చేతి గడియారంలో సెకండ్ల ముల్లు చీకట్లో కనబడదు. టార్చి వేస్తే ఆ వెలుగు లెన్సులో పడుతుంది. నా రెండు చేతులూ బోల్టు మీదే ఉండాలి. అందుకని మా అత్తగారిని అడిగాను.

మా అత్తగారిది బుచ్చయ్యపేట దగ్గర రైతు కుటుంబం. పన్నెండో ఏట నుంచి కళ్లంలో ధాన్యం కొలిచిన మనిషి. వంద కుంచాలు కొలిచినా మధ్యలో ఎవరితో మాట్లాడినా లెక్క తప్పేవారు కాదట. అప్పటికి మా పెళ్లై నాలుగేళ్లు. ఆవిడకీ నాకూ గొడవల్లేవు కానీ, మాట్లాడుకోవడానికి వంటా వార్పూ తప్ప ఏమీ లేదు. నేను చదువుకున్న కోడల్నని ఆవిడ కాస్త దూరంగా ఉండేవారు, నేను ఆ దూరాన్ని గౌరవం అనుకునేదాన్ని.

"దేనికమ్మా ఫొటో?" అన్నారు.

"నీహారికకి, అత్తయ్యా."

"అంటే ఏటి?"

"మంచులాంటిది. నీహారమంటే మంచే కదా."

ఆవిడ తలుపులోంచి పెరట్లోకి చూశారు. అరటాకుల మీంచి నీళ్లు కారుతున్నాయి. "మంచుకి ఫొటో తియ్యడానికి అంత పైదాకా ఏల? మన పెరట్లో సాలదేటి?" అన్నారు.

నాలుగేళ్లలో మేమిద్దరం కలిసి నవ్విన మొదటి నవ్వు అది. మధ్యాహ్నం వంటింట్లో కూర్చోబెట్టి ఆవిడ లెక్కని గడియారంతో సరిచూశాను. ఒకటి నుంచి పది దాకా, కచ్చితంగా పది సెకండ్లు. పదిసార్లు లెక్కపెట్టించాను, పదిసార్లూ అంతే. గడియారాన్నే ఆవిడ దగ్గరికి పట్టుకెళ్లి దిద్దుకోవచ్చు.

మొదటి రీలు మంచుకి పోయింది. రెండు నిమిషాలకే లెన్సు చెమర్చేసింది. నెగటివులో కావడి మూడు చుక్కలూ నీళ్లలో వేసిన అటుకుల్లా ఉబ్బి ఉన్నాయి. లెన్సు తుడిస్తే కెమెరా కదిలిపోతుంది, తుడవకపోతే ఏమీ కనబడదు. నేను కొంగుతో ముక్కు తుడుచుకుంటూ కూర్చుంటే అత్తగారు వచ్చి లెన్సు మీద చెయ్యేసి చూశారు.

"పాపం సల్లగా ఉంది. కాపడం పెట్టు" అన్నారు.

రాత్రిళ్లు ఆవిడ మోకాళ్లకి పెట్టుకునే తవుడు మూట ఉండేది. పెనం మీద వేడిచేసి గుడ్డలో కట్టేవారు. అదే తెచ్చి లెన్సు మెడకి చుట్టాం. లెన్సు అరగంట దాకా చెమర్చలేదు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, కెమెరాకి కాపడం పెడుతున్న తల్లినీ పెళ్లాన్నీ చూసి, భోజనం ఉందా అని మాత్రం అడిగారు.

వీధి దీపానికి అడ్డంగా దండెం మీద బొంత ఆరేశాం. అప్పుడు రెండో రీలు వేశాం. అన్నీ కుదిరాయనుకున్నాను. స్టూడియోలో ఫిల్ము కడిగించి, ప్రింట్లు వద్దని నెగటివులే తెచ్చుకున్నాను. పంచదార పలుకులు చూడడానికి మా ఆయన దగ్గరున్న భూతద్దం పెట్టి చూశాను. ఆకాశమంతా చిన్న చిన్న గీతలు. అన్నీ ఒకే పొడవు, ఒకే దిక్కు. మళ్లీ తీశాం. మళ్లీ అవే గీతలు.

గీతల్ని స్కేలు పెట్టి కొలిచాను. పుస్తకాలు ముందేసుకుని రెండు రోజులు లెక్కలు కట్టాను. తేలిందేమంటే, బోల్టు దాదాపు పదో వంతు నెమ్మదిగా తిరుగుతోంది. బోల్టు మరల్లో తప్పేమో చూశాను, లేదు. చెక్కల కొలత చూశాను, సరిగ్గానే ఉంది. మిగిలింది లెక్క ఒక్కటే. కానీ అత్తగారి లెక్కని అనుమానించాలంటే నాకు మనసొప్పలేదు. చివరికి ఒక సాయంత్రం ఉత్తుత్తినే అన్నీ అమర్చి, కెమెరాలో ఫిల్ము లేకుండా, అరచేతిలో టార్చీ గడియారమూ దాచుకుని కూర్చున్నాను.

అత్తగారు మొదలుపెట్టారు. "లాభం... రెండు... మూడు... నాలుగు... అయిదు... ఆరు... ఆరున్నొక్కటి... ఎనిమిది..."

పదకొండు సెకండ్లు.

అదివరకు రెండు రీళ్లు తీసినంతసేపూ ఆ మాట నా చెవిన పడుతూనే ఉంది. నేను వినలేదు. ధాన్యం కొలిచేవాళ్లు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనరు, ఏడుపు గుర్తొస్తుందని ఆరున్నొక్కటి అంటారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి వింటున్న లెక్క కాబట్టి అది నాకు తేడాగా తోచలేదు. లాభంతో ఇబ్బంది లేదు. ఒకటి అన్నంతసేపే పడుతుంది. ఆరున్నొక్కటితోనే వచ్చింది చిక్కంతా. ఒక సెకండు అక్కడే పోతోంది.

"మధ్యాహ్నం వంటింట్లో ఏడు అన్నారు కదా అత్తయ్యా?"

"అప్పుడు ఉత్తి లెక్కే కదమ్మా. ఇప్పుడు పని జరుగుతంది. జరుగుతన్న పనిలో ఆ మాట అనీసుకుంటారేటి ఎవలైనా?"

"ఫరవాలేదు, అనండి."

"అనను."

"చుక్కలకి ఇవేమీ పట్టవు అత్తయ్యా. ఏడు అనండి."

"నీ చుక్కలకి పట్టకపోతే పోనీ, నాకు పడతాది."

అక్కడ నా కోపం అడ్డం తగిలింది. మార్చి దాకా ఉన్న మూడు నెలల్లో రెండు గడిచిపోయాయి, పొద్దుటే ఆ పిల్ల మళ్లీ అడిగింది, నా తల వేడెక్కి ఉంది. గొంతు పెంచాను. "ఏడు. ఎన్నిసార్లు చెప్పాలి మీకు? ఏడు. ఒక్కసారి ఏడు అంటే మీ సొమ్మేం పోయింది?" అని పెరడు దద్దరిల్లేలా అరిచాను.

మర్నాడు పొద్దున్న గోడ అవతలి పిన్నిగారు చేతిలో వంకాయ కూర గిన్నెతో వచ్చి, నా వైపు చూడకుండా తిన్నగా అత్తగారి పక్కన కూలబడ్డారు. "ఏటొదినా, రాత్రి అలాగ ఏడు ఏడు అని కేకలేసిందేటి కోడలు? ముసల్దానివి, ఏడిపించడానికి మనసెలా ఒచ్చింది?" అన్నారు.

నేను గుమ్మంలో నిలబడిపోయాను. అత్తగారు జరిగింది చెబుతారనుకున్నాను. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఏటి సేస్తాం, సదువుకున్న కోడలు" అన్నారు. పిన్నిగారు కళ్లొత్తుకుని వెళ్లాక ఆ కొంగు తీశారు. నవ్వి నవ్వి దగ్గొచ్చి, నేనే మంచినీళ్లిచ్చాను. బుధవారం నాటికి ఆ కథ మా బళ్లో స్టాఫ్ రూము దాకా పాకింది. హెడ్మాస్టరమ్మ నన్ను గదిలోకి పిలిచి, పెద్దవాళ్లతో కాస్త సర్దుకుపోవాలమ్మా అని మెత్తగా హితవు చెప్పారు. సరేనండి అన్నాను. ఏం జరిగిందో చెప్పాలంటే కెమెరా సంగతి, అది చెబితే అబద్ధం సంగతి, అన్నీ బయటపెట్టాల్సి వచ్చేది.

దారి అత్తగారే చూపించారు. పప్పు ఏరుతూ ఏరుతూ, "ఏడుకొండలోడున్నాడు కదా. ఆ మాటకి బదులు సామీ అంటే నీ బోల్టుకి సరిపోద్దా?" అని అడిగారు. గడియారం తెచ్చాను. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, సామీ, ఎనిమిది, తొమ్మిది, పది. పది సెకండ్లు, వెంట్రుకవాసి తేడా లేదు. ఆవిడని కౌగిలించుకున్నాను. మా ఇళ్లల్లో కోడళ్లు అలా చెయ్యరు. ఆవిడ చేటలో పప్పు ఒలికిపోకుండా పట్టుకుని అలాగే కూర్చున్నారు.

ఇక ఫ్యాక్టరీ దీపాలొక్కటే మిగిలాయి. ఆ వెలుగులో పది నిమిషాలు తీస్తే ఫిల్మంతా బూడిద రంగు తిరిగిపోయేది. దానికి మందు లేదనుకున్నాను. ఫిబ్రవరి నెలాఖర్లో ఒకరోజు మా ఆయన ఇంటికొస్తూనే, నగ తెచ్చిన మొగుడిలా మొహం పెట్టి నిలబడ్డారు.

"గురువారం జనరల్ క్లీనింగు. గానుగ ఆగుతుంది, బాయిలర్లు ఆపేస్తారు. పొగ ఉండదు. యార్డు లైట్లు సగం ఆర్పుతారు. నీ కోసమే ఆపించేననుకో" అన్నారు.

ఆయన ఆపించలేదని నాకు తెలుసు. సీజన్లో అప్పుడప్పుడు శుభ్రం చెయ్యడానికి ఆపుతారు. అయినా ఆపించారనే అనుకున్నాను. ఆయన కాఫీలో ఒక చెంచా పంచదార ఎక్కువ వేశాను.

గురువారం సాయంత్రం దీపాలు పెట్టగానే పెరట్లో చేరాం. ఫ్యాక్టరీ చప్పుడు లేదు. ఏడింటికల్లా ఆకాశం నల్లబడింది. మా పెరట్లోంచి అంత నల్లటి ఆకాశాన్ని నేనెప్పుడూ చూడలేదు. ధ్రువనక్షత్రం చెరకు ఆకుల మీద ఇంకాస్తలో అందేటట్టుంది. బందు అటు గురిపెట్టాను. తవుడు మూట కట్టాం. కెమెరా గొల్లకావడి వైపు తిప్పి, కంటికి ఆనించుకుని, కావడి నుంచి కొద్దికొద్దిగా కిందికి దించాను.

నడిమి చుక్క చుక్కలా లేదు. చుట్టూ తెల్లటి మసక. చూపు దాని మీదే నిలిపితే తగ్గుతోంది, పక్కకి చూస్తే పెరుగుతోంది. ఆరేళ్లు పాఠం చెప్పినదాన్ని, దాన్ని చూడడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చింది. ఆ మాట అత్తగారితో అనలేదు, పని జరుగుతోంది కదా.

"అత్తయ్యా, మీరూ చూడండి."

ఆవిడ ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశారు. "గొల్లోడు తూలేడేటి, కావడి కింద మజ్జిగ ఒలికిపోయింది" అన్నారు. తరవాత వెనక్కి జరిగి, చీర కుచ్చెళ్లు సర్దుకుని పీట మీద కూర్చుని, "కానీ" అన్నారు.

మీట నొక్కి బిగించాను. లాభం. పది దగ్గర ఒక పలక తిప్పాను. మళ్లీ లాభం. మా ఆయన అరటి మొక్కల దగ్గర నిలబడి ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు. గోడ మీంచి పిన్నిగారి తల కనిపించింది. నేను వద్దని చెయ్యి ఊపేలోగా ఆవిడ కూడా కదలకుండా ఉండిపోయారు. సామీ అన్న చోటల్లా ఆవిడ అటునుంచి దణ్ణం పెట్టుకోవడం నాకు కనబడుతూనే ఉంది. అరవై పలకలు తిప్పాను. తిప్పడం అయ్యేసరికి నా వేళ్లు కొయ్యబారిపోయాయి.

శుక్రవారం పొద్దున్నే ఫిల్ము కడిగించి, నెగటివు భూతద్దం కింద పెడితే చుక్కలు చుక్కల్లానే ఉన్నాయి. కావడి కింద చింతగింజంత మసక, దాని అంచులు రెక్కల్లా విడిపోయి. ఆ రోజు సాయంత్రం మా ఇంట్లో పండగ చేసుకున్నాం. అత్తగారు సేమ్యా పాయసం చేశారు. ఇక పెద్ద ప్రింటు వేయించడమే మిగిలింది. సోమవారం నుంచి పరీక్షల సెలవులు. ఆ రాత్రికే స్టూడియోలో ఇచ్చి, శనివారం పొద్దున్నే బడికి తీసుకెళ్లాలి.

స్టూడియో అతను పనిమంతుడు. ఊళ్లో పెళ్లికూతుళ్లందరి మొహాల మీది మచ్చలూ అతని సన్నని కుంచె కిందే మాయమయ్యేవి. శనివారం పొద్దున్న వెళ్లేసరికి ఎర్రటి కళ్లతో ఎదురొచ్చాడు.

"రాత్రంతా పట్టిందండి. నెగటివు మీద అంత దుమ్ము నేనెప్పుడూ సూడలేదు. ప్రింటు మీద ఒక్కొక్క మచ్చా నల్లరంగుతో పూడ్సేను. మజ్జిలో పెద్ద బూజు మరక ఉందండి. దానికే గంట పట్టింది" అన్నాడు.

కవరు తీశాను. నున్నటి నల్ల కాగితం. మధ్యలో మూడు చుక్కలు.

"ఈ మూడూ ఎందుకు వదిలేశావు బాబూ?"

"వరసగా ఉన్నాయి కదండీ. కావాలని తీసేరేమో అనుకున్నాను."

కోపం రావాలి. వచ్చే దారిలోనే అది నవ్వయిపోయింది. స్టూడియో మెట్ల మీద కూర్చుని, ఆ మూడు చుక్కల ప్రింటు ఒళ్లో పెట్టుకుని నవ్వాను. అతను పాపం బిత్తరపోయి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. దుమ్మంటే ఏమిటో, బూజంటే ఏమిటో అతనికి చెప్పాను. అతను చీకటిగదిలోకి వెళ్లి, అరగంటలో కొత్త ప్రింటు తడి తడిగా తెచ్చి నా చేతిలో పెట్టాడు. డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు.

ఆ తడి ప్రింటు రెండు అట్టల మధ్య పెట్టుకుని మూడో పీరియడుకి క్లాసులోకి వెళ్లాను. "ఇదిగో నీహారిక. మొన్న గురువారం మా పెరట్లో తీశాను" అన్నాను. పిల్లలు బెంచీలు దాటి వచ్చేశారు. ప్రింటు చేతులు మారుతూ మారుతూ కిటికీ పక్క పిల్ల దగ్గరికి చేరింది. ఆ పిల్ల దాన్ని వెలుగులోకి పట్టుకుని చూసింది.

"పాత ఫొటోలో కూడా ఇలాగే ఉందాండి?" అంది.

ఊఁ అంటే సరిపోయేది. చేతిలో ఫొటో ఉంది, ఎవరూ అడగరు. మూడు నెలలు నేను చేసిందంతా అలా ఊఁ అనగలగడం కోసమే. కానీ నోరు రాలేదు. తవుడు మూట కట్టిన చేతులూ, సామీ సామీ అంటూ సాగిన లెక్కా ఆ ఫొటోలో ఉన్నాయి. దాని మీద ఇంకో అబద్ధం పెట్టాలంటే నాకు అసహ్యం వేసింది.

"పాత ఫొటో లేదు" అన్నాను. "ఆవేళ మీకు చూశానని చెప్పాను. చూడలేదు. ఫొటో తీశానన్నదీ అబద్ధమే. మొన్న గురువారమే మొదటిసారి చూశాను. మీరందరూ నన్ను క్షమించాలి."

ఆ పిల్ల అర్థం కానట్టు నా వైపు చూసింది.

"మరి మేం సూసేం కదండీ" అంది.

"ఏం చూశారు?"

"ఇదేనండి. మీరు సెప్పిన రోజు రాత్రే. మీరు సూసేనన్నారు కదా, అయితే కనబడద్దని కళ్లంలో మంచం ఏసుకుని సూసేను. మా నాయనకీ సూపించేను. చుట్ట పొగలాగ కనబడింది. అదో కాదో తెలక, మీ ఫొటోతో సరిసూసుకుందామని అడుగుతన్నానండి ఇన్నాళ్లూ."

ఇంకెవరెవరు చూశారని అడిగాను. ఒక్కొక్కటే చేతులు లేచాయి. బస్సుల్లో వచ్చే పిల్లలందరి చేతులూ లేచాయి. దేవరాపల్లి వైపు పిల్లలు ముగ్గురూ చూశారట. ఒక పిల్ల వాళ్ల మామ్మ కూడా చూసిందట. చూడనిది ఫ్యాక్టరీ వెలుగులో ఉన్న మా చోడవరం పిల్లలే.

మూడు నెలలు ఆ పిల్ల నన్ను పరీక్షిస్తోందని భయపడ్డాను. ఆ పిల్లేమో నా మాట నమ్మి, నేను చూడనిది నాకన్నా ముందు చూసేసి, అది నిజమో కాదో చెప్పే మనిషిని నేనేనని ప్రతి సోమవారం వరండాలో నిలబడింది. సిగ్గేసింది. ఆ సిగ్గు మధ్యలోనే ఎక్కడలేని సంతోషమూ వచ్చింది. ముందు ఏది వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ పిల్ల ప్రింటుని ఇంకోసారి చూసి నా బల్ల మీద పెట్టింది. "అదేనండి. కాపోతే మా ఊర్లో ఇంకా బాగా కనబడద్దండి. ఇక్కడ ఎలుతురు కదా. మీరొస్తే సూపిస్తాను" అంది.

ఆ సాయంత్రమే మా అత్తగారూ నేనూ చీడికాడ బస్సెక్కాం. ఆవిడ ఉతికిన నేత చీర కట్టుకుని, ఆ పిల్ల వాళ్లమ్మకని పెరట్లోని అరటిపళ్లు ఒక అత్తం సంచీలో పెట్టుకున్నారు. కెమెరా పట్టుకెళ్లలేదు.